దేనికీ లోటు లేని పిల్ల

కెనడాలోని కిచెనర్ ఊళ్లో కమలకుమారి కుదిర్చిన పెళ్లిళ్లు ముప్ఫై ఏడు. అందులో ముప్ఫై అయిదు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మిగతా రెండూ ఏమయ్యాయని ఎవరైనా అడిగితే, "ఆ రెండిట్లోనూ నా మాట పూర్తిగా వినలేదండీ" అంటుంది. ఏ మాట వినలేదో మాత్రం చెప్పదు.

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. కమలకుమారి ఒక్క అబద్ధం కూడా ఆడదు. నిజానికి ఇస్త్రీ చేస్తుంది, అంతే. పిల్లాడు ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చుంటే "ప్రస్తుతం అమ్మానాన్నల్ని దగ్గరుండి చూసుకుంటున్నాడు" అంటుంది. పిల్ల నోటికి జడిసి ఇద్దరు రూమ్మేట్లు పారిపోతే "మనసులో ఏదీ దాచుకోదు, తెరిచిన పుస్తకం" అంటుంది. మిల్టన్ నుంచి నార్త్ యార్క్ దాకా పెళ్లీడు పిల్లలున్న ప్రతి తెలుగు తల్లి ఫోన్లోనూ ఆవిడ నంబరు ఉంది. సగం ఫోన్లలో "కమల ఆంటీ" అనీ, మిగతా సగంలో "బస్ ఆంటీ" అనీ ఉంటుంది.

బస్ ఆంటీ ఎందుకంటే, ఆవిడ ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపింది. తెనాలిలో సైకిలు కూడా తొక్కి ఎరగని మనిషి, మోకాలి లోతు మంచులో పసుప్పచ్చ బస్సు తోలి, ఒక్క పిల్లకి కూడా గీత పడకుండా ఇల్లు చేర్చింది. రిటైరై అయిదేళ్లయినా అలవాటు వదల్లేదు. స్కూలు బస్సు రైలు పట్టాల ముందు తప్పనిసరిగా ఆగాలి, తలుపు తెరిచి రైలు చప్పుడు వినబడుతోందేమో చూసి మరీ కదలాలి. కమలకుమారి తన చిన్న కారుని కూడా పట్టాల ముందు ఆపుతుంది. అద్దం దించి, చెవి బయట పెడుతుంది. చలి మైనస్ ఇరవై ఉన్నా సరే. వెనక కార్లవాళ్లు హారన్లు మోగిస్తే, "మోగించుకోనీ. వాళ్లెప్పుడైనా నలభై మంది పిల్లల్ని మోశారా?" అంటుంది. ఇప్పుడు ఆవిడ మోస్తున్నది భర్త విశ్వనాథం ఒక్కణ్ణే.

విశ్వనాథం వంతెనలకు లెక్కలు కట్టి రిటైరైన ఇంజనీరు. తక్కువ మాట్లాడతాడు. పార్టీల్లో మాత్రం ఆయనకి ఒక జోకుంది, ఎక్కడికెళ్లినా అదే. "మా కమలకి బస్సు వచ్చింది గానీ డిగ్రీ రాలేదండీ. ఆఖరి మెట్టు దాకా ఎక్కి, విసుగేసిందని దిగొచ్చేసింది." అందరికంటే ముందు కమలకుమారే నవ్వేది. ఈ జోకు వయసు ముప్ఫై అయిదేళ్లు.

ఇక ఈ మధ్య రెండు మూడేళ్లలో కిచెనర్‌కి విద్యార్థులు ఎలా వచ్చారంటే, ముందు రోజు ఖాళీగా ఉన్న బస్టాపు మర్నాటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపైపోయింది. కిరాణా కొట్టులో కరివేపాకు పొద్దున పదిన్నరకే అయిపోయేది. కర్టెన్లు కట్టి హాళ్లని నాలుగు గదులు చేసి అద్దెకిచ్చిన మహానుభావులూ ఉన్నారు, వాళ్ల పేర్లు మనకెందుకు. కమలకుమారి మాత్రం తన బేస్‌మెంట్‌ని ఒకే ఒక్క పిల్లకి ఇచ్చింది. ఆ పిల్ల పేరు భవిత.

భవితది సిరిసిల్ల. తండ్రి కొమరయ్యకి ఇంట్లోనే నాలుగు సాంచెలుండేవి. మరమగ్గాల్ని అక్కడ అలాగే అంటారు. వాటి చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే చదువుకుని, అద్దకాల రంగు నీళ్లు వాగులో కలుస్తుంటే చూసి, ఆ నీళ్లు శుభ్రం చేసే చదువు చదవాలని యూనివర్సిటీకి వచ్చింది. మాస్టర్స్‌లో ఇంకొక్క టర్మ్ మిగిలింది. పొద్దున క్లాసులు, సాయంత్రం కాఫీ కొట్టులో పని, ఆదివారం కమలకుమారితో కలిసి వంట. ఏడాదిన్నరలో ఒక్కనాడు కూడా ఆ పిల్ల మొహం వేలాడేసుకోలేదు. అందుకే పరిస్థితి ఎంత చెడిందో కమలకుమారికి డిసెంబరు దాకా తెలియలేదు.

తెలిసిన రోజున భవిత చపాతీ వత్తుతూ చెప్పింది, వానొస్తోందని చెప్పినంత మామూలుగా.

"మూడు సాంచెలు నా మొదటి ఏడు ఫీజుకు, టికెట్‌కు పాత ఇనుము కింద అమ్మిండు ఆంటీ నాయిన. నాలుగోది ఉన్నది గని నూలు లేదు, ఆర్డర్లు లేవు. ఇప్పుడు వేరేటోళ్ల సాంచెల మీద కూలికి పోతుండు. ఆఖరి టర్మ్ ఫీజు పంపలేడు. నేనే వద్దన్న."

"మరెలాగే?"

"బర్సరీకి అప్లై చేసిన. ఒక కంపెనీ ఇస్తదట."

బర్సరీ అంటే మార్కులు చూసి మెడలో వేసే దండ కాదు. లేనివాళ్లు చదువు మధ్యలో ఆపెయ్యకుండా ఇచ్చే సాయం. ఇచ్చేది బ్రామ్లెట్ ఫ్రీజర్స్ అని ఊరి చివర ఉన్న కంపెనీ. ఆర్నెల్లు ఊరు ఊరంతా ఫ్రీజరైపోయే దేశంలో ఫ్రీజర్లు అమ్ముకుని బతుకుతున్నారంటే వాళ్లు సామాన్యులు కారు. ఏటా చలికాలంలో, ఆఖరి ఏడాదిలో చిక్కుబడ్డ పదిమంది విద్యార్థుల్ని ఎంచి, ఫీజు తామే కడతారు. ఏ దేశంవాళ్లయినా సరే. కావలసినవి రెండే కాగితాలు. ఒకటి విద్యార్థి తన పరిస్థితి రాసుకున్నది. రెండోది, ఆ విద్యార్థిని ఏడాదికి తక్కువ కాకుండా ఎరిగిన పెద్దవాళ్లెవరైనా రాసి, కవరు అంటించి, విద్యార్థికి చూపించకుండా నేరుగా కంపెనీకి పంపించేది.

"ఆ రెండోది మీరు రాయాలె ఆంటీ" అంది భవిత.

కమలకుమారి చేతులు కడుక్కోవడానికి కూడా ఆగలేదు. ఉత్తరాలు రాయడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య కదా!

రెండు రోజులు మధ్యాహ్నం నిద్ర మానేసి రాసింది. ఇంగ్లీషులో రాసిన ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"మహాశయులకు. భవిత నాకు ఏడాదిన్నరగా తెలుసు. చాలా మంచి కుటుంబం. తండ్రి కొమరయ్యగారు వస్త్ర పరిశ్రమలో ఉన్నారు. ఊళ్లో పేరున్న మనిషి. సొంత ఇల్లు. అమ్మాయి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. కళగల మొహం. కళ్లజోడు చదివేటప్పుడు మాత్రమే. పప్పుచారు చాలా బాగా పెడుతుంది. పెద్దలంటే గౌరవం, మాట నెమ్మది. దేనికీ లోటు లేని పిల్ల. మీ కంపెనీకి అన్ని విధాలా తగినదని నా పూచీ. ఫోటో జతపరిచాను."

ఫోటోలో భవిత విశ్వనాథం ఎర్ర కారుకి ఆనుకుని నిలబడి ఉంది. కారు తనదేమో అనుకునేలా.

స్పెల్లింగులు దిద్దమని ఇస్తే విశ్వనాథం మొత్తం చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది పెళ్లికొడుక్కి రాశావా, ఫ్రీజర్ల కంపెనీకి రాశావా?"

"ఎవరికైతే ఏవిటండీ? ఇచ్చేవాడి చూపెప్పుడూ ఉన్న ఇంటి వంకే ఉంటుంది. కలిగినవాడికి అందరూ చుట్టాలే. చితికిపోయాం మహాప్రభో అని చాటుకున్న గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"పిల్ల డబ్బు లేదనే కదా అడుగుతోంది?"

"లేదని పిల్ల రాసుకుంది. ఉందని పెద్దదాన్ని నేను రాస్తే తూకం సరిపోతుంది. మీకు వంతెనలు తెలుసు, మనుషులు నాకు తెలుసు."

ముప్ఫై ఏడు పెళ్లిళ్ల మనిషితో ఏం వాదిస్తాడు పాపం, స్పెల్లింగులు దిద్ది ఇచ్చాడు. కమలకుమారి ఒక జిరాక్సు తీసి బీరువాలో పెట్టుకుని, కవరు అంటించి, దానికి నాలుగు మూలలా పసుపు బొట్టు కూడా పెట్టి, పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

జనవరిలో ఒక శనివారం పొద్దున ఆవిడ సున్నుండలు చుడుతుంటే, భవిత బేస్‌మెంట్ మెట్లు రెండేసి ఎక్కుతూ పైకొచ్చింది. చేతిలో ఫోను.

"ఆంటీ! మా నాయినకు మిల్లు ఎక్కడిది?"

"మిల్లేవిటే?"

"కంపెనీకెల్లి ఈమెయిల్ వచ్చింది. మీ తండ్రికి మిల్లు ఉన్నట్టు తెలుస్తున్నది, నువ్వు రాసింది చూస్తే కూలి చేస్తున్నడని ఉన్నది, రెండు ఉత్తరాలు ఒక్క మనిషి గురించే రాసినట్టు లేవు అంటున్నరు. బేస్తారం పదింటికి ఇద్దరు గలిసి రమ్మన్నరు."

"మిల్లని నేనెక్కడ రాశాను? వస్త్ర పరిశ్రమ అని రాశాను" అంది కమలకుమారి రోషంగా. రుజువు చూపించడానికి బీరువాలోంచి జిరాక్సు తెచ్చి చేతిలో పెట్టింది.

భవిత చదవడం మొదలుపెట్టింది. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి పెదవులు అదిరాయి. కళ్లజోడు దగ్గర ముక్కులోంచి చప్పుడొచ్చింది. పప్పుచారు దగ్గర ఆగలేక పకపకా నవ్వుతూ వంటగది నేల మీద కూలబడింది. ఆ పిల్ల నవ్వు చూసి కమలకుమారికీ నవ్వొచ్చింది. విశ్వనాథం హాల్లోంచి వచ్చి, ఏమిటో తెలియకుండానే నవ్వాడు. ముగ్గురూ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. తీరా చూస్తే భవిత తుడుచుకుంటున్నవి నవ్వు కన్నీళ్లు కావు.

"శుక్రారం లోపట ఫీజు కట్టకపోతే సీటు పోతది ఆంటీ. సీటు పోతే స్టడీ పర్మిట్ పోతది. ఇంక వాపసు పోవుడే. ఇంత సదివి ఒక్క కాగితం గూడ చేతికి రాదు. ఒక్కటే టర్మ్ మిగిలింది."

ఒక్కటే మిగిలింది. కమలకుమారి చేతిలో సున్నుండ చితికిపోయింది. ఈ మాట ఆవిడ ఇంతకుముందు ఒకసారి తనకి తానే చెప్పుకుంది. ఎప్పుడు చెప్పుకుందో ఈ ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ నాలుగు రోజులూ బస్ ఆంటీ ఏ ఫోనూ ఎత్తలేదు. మిల్టన్‌లో ఒక తల్లి పెళ్లికొడుకు జాతకం పట్టుకుని గిలగిల్లాడిపోయింది. ఇక్కడ సాంబారులో బెల్లం రెండుసార్లు పడింది, ఉప్పు ఒక్కసారీ పడలేదు. తన చేత్తో ఒక పిల్ల బతుకు మీద ఇస్త్రీ పెట్టె బోర్లించి కాల్చేశానని ఆవిడకి తెలుసు. ఆ సిగ్గు ఆవిడని కుదురుగా కూర్చోనివ్వలేదు.

గురువారం వచ్చింది. ఎంత సిగ్గుపడుతున్నా పెళ్లిచూపుల లాంటి పనికి ఒట్టి చేతులతో వెళ్లడం కమలకుమారి ఇంటా వంటా లేదు. సున్నుండల డబ్బా విశ్వనాథం ఒళ్లో పెట్టి వెనక సీట్లో కూర్చోబెట్టింది. పట్టుచీర కట్టుకోమంటే భవిత వినలేదు, తండ్రి సాంచె మీద దిగిన ఆఖరి తాను గుడ్డతో కుట్టించుకున్న తెల్ల కుర్తా వేసుకుంది. "చలి పుడుతుందే" అంటే "ఇదే ఏసుకుంట ఆంటీ" అంది. ఆ గొంతు విన్నాక కమలకుమారి కారు తాళాలు అందుకుంది.

దారిలో రైలు పట్టాలొచ్చాయి. కారు ఆగింది. అద్దం దిగింది. గాలి లోపలికి దూసుకొచ్చి ముగ్గురి ముక్కులూ ఎర్రబడ్డాయి. కనుచూపు మేరలో రైలు కాదు గదా, కాకి కూడా లేదు.

"ఆంటీ, పది కొడ్తుంది!"

"రూలు రూలే" అంది కమలకుమారి. రెండు నిమిషాలు ఆలస్యంగా చేరారు.

బ్రామ్లెట్ ఫ్రీజర్స్ ఆఫీసు ముందు గదిలో గోడవారగా ఫ్రీజర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, పెళ్లిపందిట్లో మగపెళ్లివారిలాగా, తెల్లగా, బిగుసుకుపోయి. లోపల బల్ల వెనక ఇద్దరు. ఒకావిడ హెదర్, బర్సరీల పని చూసే ఆఫీసరు. రెండో ఆయన గస్, ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు ఫ్రీజర్ తలుపులు బిగించి రిటైరైన ఫోర్‌మన్. ఆయన మీసాలు చూస్తే కమలకుమారికి తెనాలి స్టేషన్ మాస్టరు గుర్తొచ్చి కాస్త ధైర్యం కలిగింది. విశ్వనాథం మూల కుర్చీలో డబ్బా పట్టుకుని సర్దుకున్నాడు.

హెదర్ ఇంగ్లీషులో మర్యాదగానే మొదలుపెట్టింది. "ఈ అమ్మాయి తండ్రికి బట్టల వ్యాపారం ఉందా?"

"ఆ రంగంలో చాలా అనుభవం ఉంది" అంది కమలకుమారి.

నోరు అలవాటుగా ఇస్త్రీ చేసేసింది. భవిత తల దించుకుంది.

"సొంత ఇల్లు?"

"ఇల్లు... ఉంది."

"దేనికీ లోటు లేదని రాశారు."

"పిల్ల అంత నిబ్బరంగా ఉంటుందని..."

హెదర్ కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల మంచిదని మాకూ అనిపిస్తోంది, కానీ ఈసారి పది బర్సరీలకి అరవై మంది అడిగారు, అందులో నిజంగా గడవనివాళ్లకి ఇవ్వాలి కదా అంది. మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. కమలకుమారి భవిత వైపు చూసింది. భవిత కుర్తా అంచుని వేళ్లతో సరిచేసుకుంటోంది, ఏడవకుండా ఉండటానికి. ఆ పిల్ల ఏ క్షణాన్నయినా లేచి నిలబడి, "పర్వాలేదు, థాంక్యూ" అని నవ్వి బయటికి వెళ్లిపోతుందని కమలకుమారికి అర్థమైంది. ఎందుకు అర్థమైందంటే, ఒకప్పుడు తనూ సరిగ్గా అలాగే వెళ్లిపోయింది.

"ఆగండి" అంది. తన జిరాక్సు తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ నిజం కూడా లేదు. మావాళ్లలో పెళ్లి సంబంధాలకి ఇలా రాస్తాం. నాకు వచ్చింది ఈ ఒక్క రకం ఉత్తరమే."

గస్ మీసాలు కదిలాయి. "అందుకా ఎత్తు రాశారు?"

"అందుకే."

"పప్పు సూప్ కూడా?"

"పప్పుచారు" అని దిద్దింది కమలకుమారి, అంత కష్టంలోనూ. తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాలుగు సాంచెలు, మూడు పాత ఇనుము కింద పోవడం, నాలుగోది మూగబోవడం, కొమరయ్య తన పనే ఇంకొకరి కింద కూలికి చెయ్యడం. "ఈ పిల్ల ఒంటి మీద ఉన్న గుడ్డే ఆ మిల్లు మొత్తం" అంది.

గస్ ముందుకు వంగాడు.

"ఇదంతా మొదటే రాయొచ్చు కదా? ఎందుకు దాచారు?"

"ఇంటి గుట్టు లంకకు చేటని మా సామెత. లేదని నోరు తెరిస్తే కుటుంబం తల దించుకోవాలని మమ్మల్ని పెంచారు. అది తప్పని నాకు ఈవేళ తెలియలేదు. ముప్ఫై అయిదేళ్ల క్రితమే తెలిసింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు."

అని ఆగింది. ఇంతదాకా వచ్చాక ఇక వెనక్కి పోవడమెందుకని మళ్లీ అందుకుంది.

"ఈ ఊరి యూనివర్సిటీలోనే సాయంత్రం క్లాసులకి వెళ్లేదాన్ని. కోర్సులన్నీ పాసయ్యాను. ఒక్కటే మిగిలింది. ఆ చలికాలం మా ఆయన ఉద్యోగం పోయింది. నా ఫీజు కోసం దాచింది ఇంటి అద్దెకి ఇచ్చేశాను. మానేస్తానని చెప్పడానికి వెళ్తే యూనివర్సిటీలో ఒకావిడ అడిగింది, ఏమైనా ఇబ్బందా అమ్మా, ఇబ్బందైతే సాయం చేసే కంపెనీలున్నాయి, కాగితం మీద ఒక్క సంతకం పెట్టు అని. నేను నవ్వేసి, నాకు దేనికీ లోటు లేదండీ, చదువు విసుగేసింది అంతే, అన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకీ అదే చెప్పాను. ఉద్యోగం లేక ఆయన అప్పటికే కుంగిపోయి ఉన్నాడు. నా చదువు కూడా తన వల్లే పోయిందని తెలిస్తే తట్టుకోలేడనిపించింది."

మూలనుంచి చప్పుడైంది. విశ్వనాథం చేతిలో డబ్బా మూత ఊడిపోయింది. ఒక సున్నుండ కార్పెట్ మీద దొర్లుకుంటూ వెళ్లి గస్ బూటు దగ్గర ఆగింది. విశ్వనాథం దాని వంక చూడటం లేదు. భార్య వంక చూస్తున్నాడు, ఆవిణ్ణి ఎవరో ఇప్పుడే పరిచయం చేసినట్టు.

గస్ వంగి సున్నుండ తీశాడు. "ఇదేమిటి?"

"మినుములూ బెల్లం నెయ్యీ. కింద పడింది తినకండి, డబ్బాలో ఉన్నాయి" అంది కమలకుమారి కళ్లు తుడుచుకుంటూ.

ఆయన వినలేదు. ఊది నోట్లో వేసుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఫ్రీజర్లో పెట్టాలా వీటిని?"

"అక్కర్లేదు. బయటే నెల్లాళ్లుంటాయి."

"ఈ సంగతి మా అమ్మకాల వాళ్లకి చెప్పకండి" అన్నాడు గస్. హెదర్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక కమలకుమారి సంగతి చెప్పాలా, వాళ్లిద్దరి చేతా రెండేసి తినిపించి గానీ లేవలేదు. హెదర్ మాత్రం నవ్వుతూనే కచ్చితంగా చెప్పింది, ఏ మాటా ఇవ్వలేను, మధ్యాహ్నం లోపు ఫోన్ చేస్తాను అని.

తిరుగు ప్రయాణమయ్యారు. రైలు పట్టాల దగ్గర కారు ఆగింది. అద్దం దిగింది. ఈసారి గంటలు మోగాయి, గేటు పడింది, నిజంగానే రైలొచ్చింది. గూడ్సు బండి. కెనడా గూడ్సు బండి అంటే ఇంజను ఇక్కడుంటే ఆఖరి పెట్టె పక్క ఊళ్లో ఉంటుంది. నాలుగో వ్యాగన్ దాటుతుండగా భవిత ఫోను మోగింది.

"కంపెనీ నంబరు! హలో? హలో మేడమ్? ఆంటీ, ఏం వినవడ్తలేదు, అద్దం ఎక్కియ్యిండ్రి!"

"రైలు పూర్తిగా వెళ్లేదాకా ఎక్కించకూడదే!"

"అయ్యో ఆంటీ, ఇది స్కూలు బస్సు గాదు!"

"కమలా, ఎక్కించు!" అని వెనకనుంచి విశ్వనాథం అరిచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అరవడం ఇదే మొదలు. ఆ కంగారులో కమలకుమారి ఎక్కించబోయి తక్కిన మూడు అద్దాలు కూడా దించేసింది. ధడధడ చప్పుడంతా కార్లోకి వచ్చి కూర్చుంది. భవిత డాష్‌బోర్డు కిందికి దూరి, తల మీద కోటు కప్పుకుని, ఫోను చెవికి అదుముకుంది. కోటులోంచి "యెస్ మేడమ్" అని ఒకసారి, "యెస్ మేడమ్" అని ఇంకోసారి వినబడింది. ఏ యెస్సో తెలియదు. కమలకుమారి స్టీరింగు పట్టుకుని తనకి తెలిసిన దేవుళ్లందర్నీ, ఆంజనేయుణ్ణి రెండుసార్లు, తలుచుకుంది.

కోటు పక్కకి విసిరేసి భవిత పైకి లేచింది. జుట్టంతా రేగిపోయింది.

"ఇచ్చిండ్రు ఆంటీ! ఫీజు మొత్తం! రేపే వాళ్లే కడ్తరట!"

ఇరవై ఆరేళ్లు బస్సు నడిపి ఒక్కసారి కూడా అనవసరంగా హారన్ కొట్టని కమలకుమారి, రెండు చేతులూ హారన్ మీద వేసి వాయించింది. వెనక కారువాడు ఏమనుకున్నాడో తనూ కొట్టాడు. వాడి వెనకవాడూ కొట్టాడు. గూడ్సు బండి డ్రైవరు కూడా కూత పెట్టాడని భవిత ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. ఆడవాళ్లిద్దరూ కార్లోంచి దిగి, గేటు ముందు మంచులో చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగారు. అరవై ఏడేళ్ల మనిషి ఒప్పులకుప్ప! మంచులో జారి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. భవిత అక్కడే పడి ఉండి సిరిసిల్లకి ఫోను చేసింది. కొమరయ్య ఎత్తాడు, వెనక రాత్రి షిఫ్టు సాంచెల చప్పుడు, ఇటు రైలు చప్పుడు, తండ్రీ కూతుళ్లిద్దరూ "ఏందీ? ఏందీ?" అని అరుచుకుని, చివరికి ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు.

మళ్లీ కార్లో కూర్చున్నాక విశ్వనాథం వెనక సీట్లోంచి అడిగాడు.

"ఆ మిగిలిపోయిన కోర్సు పేరేవిటి కమలా?"

"స్టాటిస్టిక్స్."

"నేను ముప్ఫై అయిదేళ్లు, అందరి ముందూ, ఆ జోకు..."

"నేనే కదండీ ముందు నవ్వేదాన్ని. మీ తప్పేముంది, బెల్టు పెట్టుకోండి" అంది కమలకుమారి.

వేసవికల్లా భవిత చదువు పూర్తయింది, నీళ్లు శుభ్రం చేసే కంపెనీలోనే ఉద్యోగం దొరికింది. ఈలోగా విశ్వనాథం చడీచప్పుడూ లేకుండా మూడుసార్లు యూనివర్సిటీకి వెళ్లొచ్చాడు. పాత రికార్డులు తవ్వించాడు. కమలకుమారి పాసైన కోర్సులన్నీ అలాగే భద్రంగా ఉన్నాయి. అరవై అయిదు దాటినవాళ్లకి ఫీజు కూడా లేదన్నారు. ఫారం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "విసుగేసిందని మధ్యలో దిగొచ్చినా, ఈసారి నేను నమ్మను" అన్నాడు. కమలకుమారి ఒక పూటంతా కోప్పడి, ఒక పూటంతా ఏడ్చి, సాయంత్రానికి పెన్ను అడిగింది.

ఫారంతోపాటు ఒక ఉత్తరం కూడా కావాలన్నారు. అభ్యర్థిని ఏడాదికి తక్కువ కాకుండా ఎరిగినవాళ్లు రాసి, కవరు అంటించి, నేరుగా పంపాలి.

భవిత రాసింది. ఏం రాశావే అని కమలకుమారి రెండు రోజులు వెంటపడింది. "రూలు రూలే ఆంటీ, చూపియ్యద్దు" అంది భవిత. పోస్టులో వేసొచ్చాక మాత్రం నవ్వుతూ జిరాక్సు చేతిలో పెట్టింది. కమలకుమారి కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని చదివింది.

"మహాశయులకు. కమలకుమారిగారు నాకు రెండేళ్లుగా తెలుసు. చాలా మంచి కుటుంబం. సొంత ఇల్లు. బండి చాలా జాగ్రత్తగా నడుపుతారు. సున్నుండలు ప్రత్యేకించి చెప్పుకోదగ్గవి. ఇంకొకరి చదువు ఆగిపోకుండా తన గుట్టు తానే విప్పుకున్న మనిషి. ఆమెకు దేనికీ లోటు లేదు, ఒక్క కోర్సు తప్ప. దయచేసి అది ఇప్పించండి."

ఆఖరి రెండు వాక్యాలూ మళ్లీ చదివింది. కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఇటు తిరిగింది.

"అంతా బాగానే రాశావు గానీ, ఫోటో ఎందుకు పెట్టలేదే?"